చిసాతో నీళ్లు

కోబె కొండవాలున ఉన్న ఆ ఆడపిల్లల బడిని ఊరంతా చేతులెత్తే బడి అనేవాళ్లు. అసలు పేరు వేరే ఉంది, గేటు మీద బంగారు అక్షరాలతో రాసి మరీ పెట్టారు, కానీ ఆ పేరుతో ఎవరు పిలిచారు గనక! అక్కడ ఏం చెయ్యాలన్నా అందరిచేతా చేతులెత్తించాల్సిందే. భోజనాల గదిలో ముల్లంగి వండాలా వద్దా అన్నదానికి కూడా. బాప్టిస్టుల పద్ధతే అంత, పైనుంచి హుకుం జారీ చేసే పెద్దలు వాళ్లకి ఉండరు.

ఎప్పుడో ఒక అమెరికా దొరసాని పాత సారా గిడ్డంగి అద్దెకు తీసుకుని, గుప్పెడుమంది పిల్లలతో మొదలుపెట్టిన బడి అది. యుద్ధం వస్తోందని ఆవిణ్ణి ఓడెక్కించి పంపేశారు. యుద్ధంలో బడి కాలి బూడిదైంది. అయినా మూతపడలేదంటే ఆ పిల్లల చలవే. మసిబారిన ఇటుకలు వాళ్లే గీకి శుభ్రం చేసి, ప్రార్థన మందిరం కట్టుకున్నారు. వేదిక మీది పలకలెత్తితే కింద బాప్తిస్మపు తొట్టి ఉంటుంది, అదీ వాళ్లు కట్టిందే. అందుకే కాస్త వంకరగా ఉంటుంది. అలా ఇటుకలు గీకిన పిల్లల్లో ఒకావిడే ఇప్పటి హెడ్మిస్ట్రెస్ హతనకా గారు.

చిసాతో అనే అమ్మాయి ఆ బడిలో ఆఖరి ఏడాది చదువుతోంది. మార్చి దాటితే నర్సు చదువుకి హిరోషిమా వెళ్లిపోతుంది. వెళ్లేలోగా ఆ వంకర తొట్టిలోనే బాప్తిస్మం తీసుకోవాలని ఆ పిల్ల పట్టు. తండ్రి టెత్సుజి బడి గోడ పక్కనే టోఫు, అంటే సోయా పాల జున్ను, చేసి అమ్ముకునే మనిషి. తన బావి నీళ్ల వల్లే టోఫుకి ఆ రుచి అని కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. రోజూ పొద్దున్నే, పోయిన భార్య పటం ముందు అన్నం పెట్టి చిన్న గంట మోగించేవాడు. "నువ్వు వాళ్లలో కలిసిపోతే, నా తర్వాత మీ అమ్మకి ముద్ద పెట్టేదెవరే?" అని రెండేళ్లు అడ్డం పడ్డాడు. కొత్త సంవత్సరం నాడు ఎట్టకేలకు, నీ ఇష్టం, నన్ను మాత్రం అక్కడికి రమ్మనకు అన్నాడు. చిసాతో ఆ సగం సంతోషంతోనే సరిపెట్టుకుంది.

వచ్చే ఆదివారమే బాప్తిస్మం. పాత తొట్టి కదా, కారుతుందేమో చూద్దామని సోమవారమే నిండా నీళ్లు పట్టి ఉంచారు. మంగళవారం తెల్లారకుండానే భూమి కంపించింది.

తండ్రీ కూతుళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. దుకాణం కప్పు ఒక పక్కకి ఒరిగింది, బావి ఎర్రటి బురదైంది. ఊళ్లో ఒక్క కుళాయిలోనూ చుక్క నీరు లేదు. బడి గోడలు బీటలిచ్చాయి గానీ, వంకర తొట్టి మాత్రం చెక్కు చెదరలేదు. ఆ సంగతి తెలిసి సందులో జనం బకెట్లు పట్టుకుని నిలబడ్డారు.

హతనకా గారు ఉన్నవాళ్లందర్నీ మందిరంలో పోగేసి, తొట్టి నీళ్లు ఊళ్లోవాళ్లకి పంచడం ఇష్టమైతే చేతులెత్తమన్నారు. అన్ని చేతులూ లేచాయి, చిసాతోది తప్ప.

"ఇవి నీ కోసం పట్టిన నీళ్లమ్మా," అన్నారావిడ. "నువ్వు చెయ్యెత్తితేనే పలక తీస్తాం. బలవంతం ఏం లేదు."

కుళాయిలు మళ్లీ ఎప్పటికి వస్తాయో ఎవరికీ తెలీదు. మార్చిలోగా రాకపోతే ఇక ఈ తొట్టీ లేదు, ఈ బాప్తిస్మమూ లేదు. చిసాతో కిటికీలోంచి చూసింది. వరుసలో అందరికన్నా వెనక, ఖాళీ బకెట్‌తో తలొంచుకుని తండ్రి నిలబడి ఉన్నాడు. బావి ఉందని అంత గొప్పలు పోయిన మనిషి! ఆ పిల్ల చెయ్యి దానంతటదే లేచింది.

నీళ్లు తనే ముంచి పోసింది. తండ్రి వంతు వచ్చింది.

"ఇవేనా ఆ నీళ్లు?"

"ఇవే నాన్నా."

ఆయన బకెట్ ఎత్తుకుని దుకాణానికి నడిచాడు. ముందురాత్రి నానేసిన సోయా గింజల్ని ఆ నీళ్లతోనే ఉడికించి సందులో అందరికీ గిన్నెల్లో పోశాడు. మా అమ్మాయి నీళ్లు, ఒలకబోయకండి అని ఒక్కొక్కరికీ చెప్పాడు.

ఫిబ్రవరి అయిపోయింది. బడికి నీళ్లు రాలేదు. చెంబుడు నీళ్లు తలమీద చల్లేస్తే సరిపోదా అని ఒక కుర్ర టీచరమ్మ అడిగింది. చల్లేవాళ్ల బడులు కింద ఊళ్లో బోలెడున్నాయి, మనది ముంచే బడి అన్నారు హతనకా గారు. చిసాతో పెట్టె సర్దుకుంది. ఏడ్చిందా అంటే ఏడ్చింది, కానీ ఎత్తిన చేతిని గురించి మాత్రం కాదు.

ప్రయాణానికి ముందు ఆదివారం, అందరికీ చెప్పి వెళ్దామని బడికొచ్చింది. మందిరం ముందు నీళ్ల డబ్బాలతో తండ్రి బండి ఆగి ఉంది. సందులోవాళ్లంతా ఎవరి బకెట్‌తో వాళ్లు తొట్టి నింపుతున్నారు. ఇన్నాళ్లూ తండ్రి రోజూ బావిలోకి దిగి బురద తోడాడని తెలుసు గానీ, ఎందుకింత తొందరపడుతున్నాడో ఆ పిల్లకి ఇప్పుడర్థమైంది.

బాప్తిస్మానికి ముందు అక్కడ ఆనవాయితీగా ఒకటి అడుగుతారు. ఈ అమ్మాయిని మనలో ఒకతెగా చేర్చుకోడం ఇష్టమైనవాళ్లు చేతులెత్తండి అన్నారు హతనకా గారు. గుమ్మం దగ్గర, రబ్బరు బూట్లతో, ఎర్రగా కందిన చెయ్యొకటి అందరికన్నా పైకి లేచింది.

"టెత్సుజి గారూ, సంఘంలో ఉన్నవాళ్ల చేతులే లెక్కండీ. మీది లెక్కలోకి రాదు," అన్నారావిడ నవ్వాపుకుంటూ.

"రాకపోతే పోనీండి టీచరుగారూ. నేనైతే దించను."

చిసాతో తెల్లంగీలో, చలికి పళ్లు బిగించి మెట్టు దిగింది. బాయిలరు పాడై మందిరమంతా మంచులా ఉంది. కాలు పెట్టగానే ఆగిపోయి తండ్రివైపు చూసింది. ఆయన చెయ్యి ఇంకా పైనే ఉంది. టోఫు కాచే పెద్ద బానలో ఆయన తెల్లవారుజాము నుంచీ కాచి మోసుకొచ్చిన ఆ నీళ్లు వెచ్చగా ఉన్నాయి, కాస్త సోయా గింజల వాసన వేస్తున్నాయి.