లాన్‌లో అట్లకాడ

ఐసెలిన్ ఊళ్లో ఇల్లు కొన్నాక మాకు వచ్చిన మొదటి ఫాల్, ఆకులు రాలే కాలం అది, ఎనభై నాలుగులో. మంచు పడి గడ్డి నిద్రపోకముందే లాన్‌కి మందు వేయాలని మావారు రామమోహన్ పెద్ద సంచీ తెచ్చి గరాజ్‌లో పెట్టారు. గడ్డికి ఎరువూ, కలుపుకి విషమూ కలిపిన మందు. నేను చదివింది పదో తరగతే. అయినా సంచీ వెనక చిన్నక్షరాలు కూడబలుక్కుని చదివాను. పిల్లల్ని దూరంగా ఉంచాలట.

మా రేణుకి ఏడాదిన్నర. గడ్డిమీద వదిలితే ఆకైనా రాయైనా ముందు నోట్లోకే. ఆ సంచీ వచ్చినప్పటినుంచి నాకు కళ్లు మూస్తే ఆసుపత్రే.

"ఒక్క వాన పడితే ఇంకిపోతుంది. పక్కింటి ఫ్రాంక్ ఏటా స్ప్రెడ్ చేస్తాడు," అన్నారు ఆయన.

"ఫ్రాంక్ పిల్లలు కాలేజీలో ఉన్నారు. వాళ్లు గడ్డి తినరు."

"ఇప్పుడు వేయకపోతే స్ప్రింగ్‌లో లాన్ అంతా కలుపే. వీధిలో మన పరువేం కాను?"

శనివారం పొద్దున ఫ్రాంక్ దగ్గర మందు చల్లే బండి అడిగి తెచ్చారు. సంచీ విప్పేలోపే నేను రేణుని చంకనేసుకుని, అట్లకాడ పట్టుకెళ్లి లాన్ నడుమ చతికిలపడ్డాను. చీర మీద స్వెటర్. రేణుని పక్కన దింపి, అట్లకాడ నేలలోకి గుచ్చి ఒక కలుపుమొక్కని వేరుతో సహా పెకలించాను.

"శాంతీ, లోపలికి రా. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి."

"అట్లకాడతో లాన్ బాగుచేస్తావా?"

"అట్లకి ఇంకోటుంది. బండి తోయాలనుంటే నా మీదుగా తోయండి."

ఫ్రాంక్ కంచె దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. నా చెవులు వేడెక్కాయి. లేవలేదు. లేస్తే ఆ బండి కదులుతుంది.

ఆయన బండి వెనక్కి తిప్పారు. తర్వాత దాన్ని ఫ్రాంక్‌కి అప్పగించేసి, విప్పని సంచీని అలాగే కార్ ట్రంక్‌లో పడేశారు, షాపులో తిరిగి ఇచ్చేయడానికి. పళ్లున్న రేక్ తెచ్చి రాలిన ఆకులు లాగడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి నా నడుం పట్టేసింది. అప్పుడు దగ్గరికొచ్చి బూటుతో చూపించారు.

"ఇక్కడొకటి వదిలేశావు."

తీశాను.

"వచ్చే ఏడాదీ మొలుస్తాయివి."

"మొలవనివ్వండి. అట్లకాడ నా దగ్గరే ఉంటుంది."

రేణు ఒక గడ్డిపోచ పీకి నోట్లో పెట్టుకుంది. అలవాటు కొద్దీ లేవబోయాను. పురుగేమోనని వంగి చూశాను. ఉత్త గడ్డే. నమలనిచ్చాను.