అక్కమ్మ పేరున ఖాతా

హిందూపురం బ్యాంకులో నన్ను చూసి ఏజెంటు, అంటే ఇప్పటి మేనేజరు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నవ్వకండి. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలో మాట ఇది. బండ్లకు బండ్లు చింతపండు అమ్మే మండీ షావుకార్లు వచ్చినా కదలని మనిషి, నాకు లేచాడు. ఎందుకు లేచాడో తర్వాత చెబుతాను. ముందు ఆ రోజు అదే బ్యాంకుకు వచ్చిన పెనుకొండ అక్కమ్మ సంగతి వినండి.

అక్కమ్మ భర్త రంగప్ప పోయి అప్పటికి కొన్నేళ్లయింది. పిల్లల్లేరు. చింతపండు కాలం వస్తే ఆమె పొద్దున్నే రైలెక్కి హిందూపురం వచ్చేది. తిమ్మరాజు మండీలో కూర్చుని పండు కొట్టి గింజ తీసేది. సాయంత్రానికి వేళ్లు పులుపుకు పగిలి, ఉప్పు ముట్టుకుంటే మండేవి. ఆ కూలి డబ్బులు ఇంట్లో రాగుల కుండ అడుగున దాచేది. ఆ వేసవిలో పక్కింట్లో దొంగలు పడి కుండలన్నీ బోర్లించి పోయారు. ఆ మాట విని తిమ్మరాజు ఊరుకోలేదు.

"దుడ్లు కుండలో పెట్టి, రాత్రంతా కండ్లు తెరుచుకోని పండుకుంటావా అక్కమ్మా? బ్యాంకులో యేద్దాం రా. నాకు ఆడ ఖాతా ఉండాది. ఈమె నాకు తెలుసునని నేనొక సంతకం పెడితే సాలు. ఇంగేం అడగరు."

అడిగారు. ఏజెంటు కలం సిరాలో ముంచి, తల ఎత్తకుండానే అడిగాడు.

"పేరు?"

అడగవలసిన మాటే. కానీ ఒక్కటి చూడండి. పెళ్లయిన నాటి నుంచి ఆమెను పేరు అడిగినవాళ్లు లేరు. అడిగే పనేముంది? అందరికీ తెలుసు. నడక రాని పిల్లలు కూడా ఆమెను చూసి "అక్కమ్మవ్వ" అనేవారు. ఇన్నేళ్లకు నోరు తెరిచి అడిగిన మొదటి మనిషి ఈ ఏజెంటు. అడిగేసరికి ఆమె నోట అనుకోని పేరొకటి బయటికి వచ్చింది.

"శంకరమ్మ."

సంతకానికి వంగిన తిమ్మరాజు తల ఎత్తాడు. "ఎవరమ్మా శంకరమ్మ?"

"నేనే."

"మరి అక్కమ్మ?"

"మా యక్క. సచ్చిపోయింది."

నిజమే. అక్కమ్మ రంగప్ప మొదటి భార్య. తొలి కాన్పులో బిడ్డతో పాటే పోయింది. ఏడాది తిరక్కముందే చెల్లెలు శంకరమ్మను చిలమత్తూరు పక్క పల్లె నుంచి తెచ్చి ఆ ఇంట్లోనే ఇచ్చారు. పీటల మీద ఉండగానే అత్తగారు ఆమె మెడలో చిన్న వెండి బిళ్ళ కట్టింది, పోయిన అక్క గుర్తుగా. కొత్త చీర వస్తే ముందు ఆ బిళ్ళకు తాకించి కట్టుకోవాలి. పండగ నాడు తొలి ముద్ద అక్క పేరున తీసి పక్కన పెట్టాలి. ఇవి చాలా ఇళ్లలో ఉన్నవే. ఆ ఇంట్లో ఇంకొకటి ఉంది. పోయినామె తన చోటులో ఇంకొకతెను చూసి ఓర్వలేదనీ, అందుకని వచ్చినామెను కూడా అక్కమ్మా అనే పిలవాలనీ అత్తగారు చెప్పింది. అట్లా పిలిస్తే పోయినామె "ఇంకా నేనే కాపురం చేస్తున్నాను" అనుకుని ఊరుకుంటుందట. దయ్యాలకు ఆపాటి తెలివి ఉండదా అని ఒక్కరూ అడగలేదు.

రంగప్ప చివరి గడియలో నీళ్లు అడిగినప్పుడు కూడా "అక్కమ్మా" అనే అడిగాడు. ఏ అక్కమ్మను అడిగాడో ఆమెకు తెలియలేదు. చెంబు మాత్రం తనే పట్టింది. పుట్టింటివాళ్లు ఎప్పుడో ప్లేగు వచ్చినప్పుడే పోయారు. శంకరీ అని పిలిచే నోరు ఆ చుట్టుపక్కల మిగల్లేదు.

తిమ్మరాజు కలం కింద పెట్టేశాడు. "నేనెరిగింది అక్కమ్మను తల్లీ. శంకరమ్మ నాకు తెలుసునని యెట్ల రాసేది? కండ్లారా అబద్ధం గదా!"

ఏజెంటు కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, మెత్తని మనిషి. "అక్కమ్మ అని రాసుకుంటే ఇప్పుడే అయిపోతుందమ్మా," అన్నాడు.

"వద్దు సార్. పండు కొట్టింది శంకరమ్మ. యేళ్లు పగిలింది శంకరమ్మకు. ఇదొక్కటన్నా దాని పేరున ఉండనీ."

"అయితే ఆ పేరుతో మిమ్మల్ని ఎరిగిన ఖాతాదారు సంతకం కావాలి. లేదా మీ ఊరి మునసబు కాగితం తెండి."

ఇక్కడ నా గొప్ప సంగతి చెప్పేస్తాను. నాకు ఆ బ్యాంకులో ఖాతా లేదు. ఏ బ్యాంకులోనూ లేదు. బయట వాన దంచుతుంటే లోపల దూరాను. బల్ల పక్కన నిలబడి తలగుడ్డ పిండుకుంటే ఆ నీళ్లు ఏజెంటు కాగితాల మీద పడ్డాయి. నన్ను తలుపు దాకా తోలడానికి ఆయన లేచాడు. లేచాడా లేదా? లేచాడనే కదా నేను చెప్పింది!

పెనుకొండలో మునసబు ఆమె మాట విని, ఓటర్ల జాబితా తిరగేసి చూపించాడు. "ఇదో, అక్కమ్మ, భర్త రంగప్ప. శంకరమ్మ అంటే ఎవరు, ఆ పోయినామెనా? దయ్యాలకు ఓటూ లేదు, ఖాతా లేదు. పో అక్కా, పో." అరుగు మీదున్నవాళ్లంతా నవ్వారు. ఆమె కూడా వాళ్లతో పాటు నవ్వి, ఇంటికొచ్చి తలుపేసుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది మేనత్త నల్లమ్మ. తొట్టెలలో వేసిన నాడు బిడ్డ చెవిలో పేరు చెప్పేది మేనత్తే. శంకరమ్మ చెవిలో ఆ పేరు ఊదిన మనిషి ధర్మవరంలో ఇంకా బతికే ఉంది. కొడుకు నరసింహులుకు పట్టుచీరల అంగడి, ఆ ఊళ్లో ఇదే బ్యాంకు శాఖలో ఖాతా. ఇంకేం కావాలి? తల్లి చెబుతుంది, కొడుకు సంతకం పెడతాడు. రైల్లో దారి పొడుగునా ఆమె చెవి రైలు చప్పుడు మీద లేదు, అత్త గొంతు ఇప్పుడే వినపడుతున్నట్టు ఉంది.

నల్లమ్మకు చూపు పోయింది. నడవలో చాప మీద కూర్చుని ఉంది.

"అమ్మా, పెనుకొండ అక్కమ్మొదిన వచ్చింది," అన్నాడు నరసింహులు.

"అక్కమ్మా! వచ్చినావా! రంగప్ప పోయినాడని తెలిసి యేడ్చినా తల్లీ. కండ్లు లేని ముండను, యాడికి రాగలను?" ముసలి చేతులు ఆమె ముఖమంతా తడిమాయి.

"అత్తా, నేను శంకరిని."

చేతులు ఆగిపోయాయి.

"నా చెవిలో పేరు చెప్పింది నువ్వే గదా అత్తా. నేనే, శంకరిని."

నల్లమ్మ ఆ ముఖాన్ని మళ్లీ తడిమింది. "శంకరీ," అంది. ఆ ఒక్క మాటకే శంకరమ్మ అయిపోయింది, దొరికింది అనుకుంది.

"శంకరీ, ఇన్నేండ్లకు వచ్చినావా తల్లీ? మీ యక్క మీదికి వచ్చినావా?"

నరసింహులు ఉలిక్కిపడి, వదినకు దయ్యం పట్టిందని కర్పూరం కోసం లోపలికి పరుగెత్తాడు.

ముసలామె తప్పేముంది? పెనుకొండ నుంచి ఎప్పుడు కబురొచ్చినా అక్కమ్మ కబురే. అక్కమ్మ బర్రెను కొనింది, అక్కమ్మకు జరమొచ్చింది, అక్కమ్మ మొగుడు పోయినాడు. ఇద్దరక్కచెల్లెళ్లలో ఒకతె పోయిందని తెలుసు, రంగప్ప రెండో పెళ్లి సంగతి తెలియదు. శంకరి పేరు మళ్లీ వినపడలేదు. పోయింది శంకరే అనుకుని, ఏటేటా ఆమె పేరున కన్నీళ్లు పెట్టుకుంది.

"నేను పోలేదత్తా. బతికే ఉండా. ఇదో, బిళ్ళ చూడు."

నల్లమ్మ బిళ్ళ తడిమింది. "అవును తల్లీ. మీ యక్క నిన్ను మెడలోనే పెట్టుకోనుండాది."

"అత్తా, నేను సచ్చిపోలేదు."

"పోయినోళ్లు అట్లే అంటారమ్మా. పోయినట్టు వాళ్లకు తెలీదు." చీర కొంగుతో శంకరమ్మ కళ్లు తుడిచింది. "చెప్పు, ఏం కావల్ల? యేం కోరిక తీరక తిరుగుతాండావు? నేను తీరుస్తా."

శంకరమ్మ చాప మీద పడుకుని అత్త ఒళ్లో తల పెట్టింది.

"ఇంగొగసారి పిలువత్తా."

"శంకరీ."

"ఇంగొగసారి."

పొద్దు వాలేదాకా అత్త పిలుస్తూనే ఉంది. పెరుగన్నం కలిపి తన చేత్తో ముద్దలు పెట్టింది. నరసింహులు భార్య కొత్త చీర తెచ్చి ఒళ్లో పెట్టింది. ఆమె దాన్ని బిళ్ళకు తాకించలేదు. నేరుగా భుజం మీద వేసుకుంది.

దీపాలు పెట్టే వేళకు నల్లమ్మ ఆమె తల నిమిరి అంది. "ఇంగ పోతావా తల్లీ? మీ యక్కను ఇడిసిపెట్టు. ఒంటి మనిషి, మొగుడు లేడు, బిడ్డలు లేరు. దాన్ని బతకనీ."

శంకరమ్మ లేచి కూర్చుంది.

"పోతానత్తా."

"మళ్లా రాకు బంగారూ."

"రాను."

సంతకం మాట ఎత్తకుండానే రైలెక్కింది.

బ్యాంకులో ఏజెంటు గుర్తుపట్టాడు. "దొరికారా అమ్మా, మిమ్మల్ని ఎరిగినవాళ్లు?"

"దొరికినారు సార్. ఆ శంకరమ్మ పోయిందంట."

ఏజెంటుకు అర్థం కాలేదు. కలం తీశాడు. "పేరు?"

"అక్కమ్మ."

తిమ్మరాజు సంతోషంగా సంతకం చేశాడు. ఏజెంటు గుర్తులేమైనా ఉన్నాయా అని అడిగితే ఆమె మెడలోని బిళ్ళ చూపించింది.

"తీస్తే పోయేవి రాయకూడదమ్మా. పుట్టుమచ్చలు చెప్పండి."

"ఇది తీసినా పోదు సార్," అంది. మోచేతి మీది మచ్చ చూపించి, సిరాలో బొటనవేలు అద్ది కాగితం మీద ఒత్తింది. పగుళ్ల వల్ల ముద్ర సరిగా పడలేదు. మళ్లీ ఒత్తమన్నాడు.

ఇందులో నేను కల్పించింది ఒకటి ఉంది, దాచను. ధర్మవరంలో జరిగింది నరసింహులే నాకు చెప్పాడు. వాళ్లమ్మ ఆ సాయంత్రమంతా ఏదో పేరు పెట్టి పిలిచిందట గానీ, ఆ పేరు ఏమిటో గుర్తు లేదన్నాడు. బ్యాంకులో ఆమె ఆ పేరు చెప్పినప్పుడు నేను ఏజెంటు తోలిన తలుపు దగ్గరే ఉన్నాను, పెంకుల మీద వాన చప్పుడులో నాకూ వినపడలేదు. తిమ్మరాజును అడిగాను. "యేమోనప్పా, అక్కమ్మే గదా," అన్నాడు. అడుగుదామంటే అక్కమ్మ కూడా ఇప్పుడు బతికి లేదు. శంకరమ్మ అన్నది నేను పెట్టిన పేరు.