పుర్రచేతి నందివర్ధనం

మా ఆయనకు జావ పట్టేటప్పుడు చెంచా కుడిచేత్తోనే పట్టుకోవాలి. ఆ గురువారం పొద్దున ఆదమరిచి ఎడమచేతిలోకి తీసుకున్నాను. ఆయన పెదవులు బిగించి మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది, మాట సగం పోయింది, ఆ పట్టింపు మాత్రం ఎక్కడికీ పోలేదు. "కు...డి" అన్నారు గోడతోనే. చెంచా మార్చుకున్నాను. అప్పుడు నోరు తెరిచారు. ఆయన ఎడమచెయ్యి బాగానే ఉంది. దుప్పటి లాక్కుంటారు, టీవీ రిమోటు నొక్కుతారు, మోకాలి మీద వాలిన దోమను చంపుతారు. కాళ్ళూ చేతులూ ఆడించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి, "తాతగారూ, ఆ చేత్తో మీరే తినొచ్చు, జెర ట్రై చెయ్యండి" అని బతిమాలుతుంది. ఆయన వినరు. ఎడమచేత్తో తినడం కంటే ఒకరు పెడితే తినడమే ఆయనకు మర్యాద. ఆ ఒకరూ నేను. నాదేమో పుట్టుకతో పుర్రచేతి వాటం. కుడి భుజం లాగేస్తుంటే పైకి చెప్పకుండా పొద్దున జావ, మధ్యాహ్నం మెత్తటి అన్నం, సాయంత్రం మళ్ళీ జావ. దేవానందం గారి భార్య ఎంత ఓర్పుగలదో అని చర్చిలో చెప్పుకుంటారట. ఓర్పు కాదమ్మా అది, నొప్పి.

ఆ సాయంత్రమే నా పువ్వు ఇంటర్నెట్లోకి వెళ్ళాలి. ఆ పని పెట్టుకున్నది మా కోడలు బ్యూలా. స్కూల్లో టీచరు. వేసవిలో బీరువా సర్దుతూ నా పాత తలగడ గలీబుల అంచున తెల్లటి లేసుపువ్వు చూసి, "అత్తయ్యా, ఇది ఏ పుస్తకంలోది?" అని అడిగింది. పుస్తకంలోది కాదే, నాదే అన్నాను. నమ్మనట్టు కాసేపు చూసింది. తర్వాత చెప్పింది, ఇప్పుడు ఆడవాళ్ళు తాము సొంతంగా కనిపెట్టిన అల్లికను ఎలా అల్లాలో వరసగా రాసి, ఫోటోలు పెట్టి అమ్ముతున్నారట, దాన్ని ప్యాటర్న్ అంటారట, కింద అల్లినావిడ పేరు వేస్తారట. "రోసమ్మ అని వేద్దాం అత్తయ్యా." నవ్వాను. నా పేరు ఎక్కడ వేశారు గనక? మా చర్చి బల్ల మీద గుడ్డకు ఏడాదంతా కూర్చుని లేసు అల్లితే, ప్రతిష్ఠ రోజున పాస్టరుగారు మైకులో, దేవానందం గారి కుటుంబం సమర్పించింది అన్నారు. మా ఆయన లేచి నిలబడి దణ్ణం పెట్టారు. నేను ఆడవాళ్ళ వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను.

బ్యూలా స్కూలు నుంచి వచ్చి, కుక్కరు పెట్టి, పిల్లల పేపర్లు దిద్ది, ఆ మిగిలిన కాస్త ఓపికతో నా పక్కన కూర్చునేది. నేను అల్లుతుంటే ఆమె రాసేది. అసలు తక్లీఫ్ అక్కడే వచ్చింది. నా పువ్వుకు మాటల్లేవు, చేతికి తెలుసంతే. "ఆరు గొలుసులు వేసి ఉంగరంలాగా కలుపు. తర్వాత... ఉండవే, చెయ్యి ముందు వెళ్ళనీ, చూసి చెబుతాను" అనేదాన్ని. ఐదో తరగతి చదివినదాన్ని, నా చేతిపని పాఠంలాగా తయారవుతుంటే భయమేసేది, లోపల ఎక్కడో గర్వమూ వేసేది. గర్వం అలవాటు లేదు, భయం ఉంది, అందుకని రెండూ ఒకటే అనుకున్నాను.

నేను లేసు నేర్చుకున్నది నర్సాపురం పక్కన మా పల్లెలో. అక్కడ ఆడపిల్లకు మాటలొచ్చాక సూదే. పిల్లలందరూ లేసు టీచరమ్మకు అటూ ఇటూ చేరి ఆమె చేతిని చూసి అల్లేవారు. నాకు రాలేదు. నాది మొద్దుచెయ్యి అన్నారు. ఒకరోజు టీచరమ్మ తానే నన్ను జబ్బ పట్టి లేపి తనకెదురుగా కూర్చోబెట్టింది. అద్దంలో చూసుకున్నట్టు ఆమె కుడిచెయ్యి నా ఎడమచేతికి తిన్నగా కనబడింది. ఆ మధ్యాహ్నమే వచ్చేసింది. నా బతుకులో నా చెయ్యి ఎటుందో చూసి, నన్ను అందుకు తగ్గట్టు కూర్చోబెట్టిన మనిషి ఆమె ఒక్కతే.

పెళ్ళయి సికింద్రాబాదు రైల్వే క్వార్టర్లకు వచ్చిన కొత్తలో, మామగారికి ఎడమచేత్తో పులుసు పోశాను. మా అత్తగారు గరిటె లాక్కుని, "పుర్రచేతిదాన్ని తెచ్చావేంట్రా, రేపు దీని పిల్లలూ ఇలాగే పుడతారు" అన్నారు మా ఆయనతో. తిట్లతో చెయ్యి మారలేదు. ఒకరోజు అట్టు తిరగేస్తుంటే వెనకనుంచి వచ్చి, కాలే అట్లకాడ నా ఎడమ మణికట్టు మీద పెట్టారు. "మరిచిపోతుందిలే ఇక" అన్నారు, పసిదానికి చెవులు కుట్టించినంత మామూలుగా. సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చూసి, వెంటనే వెళ్ళి రెజిమెంటల్ బజారులో మందు తెచ్చారు. తనే రాశారు కూడా. రాస్తూ, "పెద్దావిడ. నువ్వు కుడిచెయ్యి అలవాటు చేసుకుంటే అసలు గొడవే లేదు కదా" అన్నారు. మంట మందుతో తగ్గింది. ఆ మాటకు మందు ఆయన తేలేదు.

అన్నం కుడిచేత్తో, ముగ్గు కుడిచేత్తో, చర్చిలో రొట్టె తీసుకోవడం కుడిచేత్తో. సూది ఒక్కటే మిగిలింది. కట్టు కట్టిన చేత్తో క్వార్టరు వెనక మెట్టు మీద కూర్చునేదాన్ని. ఎదురుగా నందివర్ధనం చెట్టు. ఆ పువ్వు రేకులు తిన్నగా ఉండవు, అన్నీ ఒకవైపే ఒరిగి, గిర్రున తిరుగుతూ ఆగిపోయినట్టుంటాయి. దాన్ని చూస్తూ అల్లాను. నా చేతిలో అది చెట్టుమీది పువ్వుకు ఎదురు దిక్కుగా తిరిగింది. నాకది తప్పనిపించలేదు. పువ్వు నావైపు మొహం తిప్పిందనిపించింది. ఎవరైనా ఇంటికొస్తే మాత్రం మా ఆయన, "ఏమే, ఆ సూది లోపల పెట్టు, జనం చూస్తారు" అనేవారు. పెట్టేదాన్ని. జనం పోయాక మళ్ళీ తీసేదాన్ని. అలా తీస్తూ పెడుతూ ముసలిదాన్నయ్యాను.

ప్యాటర్న్ బయట పెట్టేముందు నలుగురు దాన్ని చదివి అల్లి చూడాలట. బ్యూలా తన స్నేహితులకు పంపింది. అల్వాల్‌లో ఉండే ఎలీనా ఫోనులో గొంతు రికార్డు చేసి పంపింది. "ఆంటీ, పువ్వు మస్తుంది గానీ, మీ ఫోటోల ఉన్నట్టు నాకు వస్తలేదు. విప్పుడు, మళ్ళ అల్లుడు, గిదే పని. మా అత్త సుత నవ్వుతున్నది!" మిగతావాళ్ళూ అదే అన్నారు. వాళ్ళ పువ్వులు ఫోనులో చూశాను. చక్కగా ఉన్నాయి. అన్నీ చెట్టుమీది పువ్వు తిరిగినట్టే తిరిగాయి. నాదొక్కటే ఎదురు.

"అమ్మా, నీదే ఉల్టా" అన్నాడు ఆ గురువారం సాయంత్రం మా అబ్బాయి నతానియేల్ నవ్వుతూ. మంచివాడే. తల్లిని ఏమీ అనలేదు, అనడని నాకూ తెలుసు. "పరేషాన్ ఎందుకు? ప్యాటర్న్ మార్చక్కర్లేదు. ఫోటోలు తిప్పేస్తే అయిపోయె."

"తిప్పడమేంటిరా?"

"అద్దంలోలాగా. ఒక్క బటన్."

బ్యూలా నా వైపు చూసి, చూపు దించుకుంది. "నిజమే అత్తయ్యా. కొన్నవాళ్ళకు తేడా రాదు. లేకపోతే రోజూ కంప్లైంట్లే" అంది మెల్లగా. ఆమెకు పొద్దున్నే స్కూలుంది, పొయ్యి మీద పప్పుంది. ఆమెను తప్పు పట్టలేను.

నతానియేల్ బటన్ నొక్కి ఫోను చూపించాడు. నా పువ్వు చెట్టుపువ్వులాగా తిరిగింది. పక్క ఫోటోలో నేను. తెల్లచీర, కళ్ళద్దాలు, కుడిచేతిలో సూది. కుడి మణికట్టు మీద కాలిన మచ్చ. కాలని చెయ్యి కాలినదైంది, కాలిన చెయ్యి కాలనిదైంది. ఆ ఫోటోలో మనిషిని చూస్తే మా అత్తగారు ఎంత సంతోషించేవారో అనుకున్నాను. సరే అన్నట్టు తల ఊపాను కూడా. ఊపడం మెడకు అలవాటు.

"డాడీ, మమ్మీ ఫోటో చూడండి, ఇంటర్నెట్‌లో పెడుతున్నాం" అంటూ నతానియేల్ ఫోను తీసుకెళ్ళి వాళ్ళ నాన్న మొహం ముందు పెట్టాడు. ఆయన చాలాసేపు చూశారు. పెదవులు ఒక పక్కకు సాగాయి. నవ్వే అది.

"బా...గుంది" అన్నారు. తర్వాత నా వైపు కళ్ళు తిప్పి, కష్టపడి, "ఇప్పుడు... బాగుంది" అన్నారు.

ఆయనకు నలభై గలీబులు అల్లానో నాలుగు వందలు అల్లానో, లెక్క లేదు. వాటి మీద తల పెట్టుకుని పడుకున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నా అల్లిక మీద ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మంచిమాట అది. దానికోసం ఎంత ఎదురుచూశానో, అది వచ్చాకగానీ నాకే తెలియలేదు. వచ్చిందీ నాకు కాదు. నా చీర కట్టుకున్న ఎవరో కుడిచేతి ఆవిడకు.

జావ చల్లారుతోంది. గిన్నె తీసుకెళ్ళి ఆయన మంచం పక్క బల్ల మీద పెట్టాను. చెంచా ఆయన ఎడమచేతిలో పెట్టి వేళ్ళు మూశాను. ఆయన అర్థం కానట్టు చూశారు. "తినండి" అన్నాను. గోడవైపు తిరిగిపోయారు. నేను ఎప్పటిలా గోడవైపుకు చుట్టి వెళ్ళి నిలబడలేదు. హాల్లోకి వచ్చి కూర్చున్నాను.

"బ్యూలా, నా ఫోటో ఎలా ఉండేదో అలా పెట్టు."

"అమ్మా, దునియా అంతా కుడిచేతివాళ్ళే" అన్నాడు నతానియేల్. "ఉల్టా పువ్వు ఎవరు కొంటారు?"

"కొనకపోతే మాననీ. ఆ తిప్పిన ఫోటోలోది మాత్రం నా చెయ్యి కాదురా."

వాడేదో అనబోయి నా మణికట్టు వైపు చూశాడు. ఆ మచ్చ ఎక్కడిదని చిన్నప్పుడు అడిగితే నూనె చిందిందని చెప్పాను. ఇప్పుడు చెప్పాను. అట్లకాడ, మెట్టు, మందు, మందు రాస్తూ అన్న మాట, అన్నీ. ఆయనకు వినబడుతోందని తెలిసే, గొంతు తగ్గించకుండా చెప్పాను. వాడు ఫోను బ్యూలా చేతికిచ్చి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. బ్యూలా లేచి పొయ్యి కట్టేసి వచ్చింది. ఫోటో మళ్ళీ తిప్పింది. మచ్చ తన చోటికి వచ్చింది.

"మొదట్లో ఒక మాట కలపాలి, రాసుకో" అన్నాను. "సూది పుర్రచేత్తో పట్టుకోండి."

లోపల గదిలో చెంచా నేల మీద పడిన చప్పుడైంది. బ్యూలా తలెత్తింది. నేను లేవలేదు.

"మరి కుడిచేతివాళ్ళు ఎలా అత్తయ్యా?"

"వాళ్ళను ఎదురుగా వచ్చి కూర్చోమని రాయి."