ఏడో గుంట దాటిన చెయ్యి

తన ఇంట్లో, తన కంప్యూటర్ మీద, తనకి తెలియకుండా ఎవరో గోల్ఫ్ ఆడుతున్నారని శనివారం పొద్దున పదకొండు గంటలకి గద్దకి తెలిసింది.

సాక్ష్యం ఎదురుగా తెర మీదే ఉంది. ఏడో గుంట రికార్డుల పట్టిక. నిన్న సాయంత్రం దాకా అందులో పైనుంచి కిందిదాకా ఒక్కటే పేరు, అతనిది. ఇప్పుడు అన్నిటికన్నా పైన మూడు ‘ఏ’ అక్షరాలు దర్జాగా కూర్చుని ఉన్నాయి. పేరు కొట్టమని ఆట అడిగినప్పుడు ఏమీ కొట్టకుండా బటన్ నొక్కేస్తే పడే పేరది. మధ్యలో చెరువు ఉన్న ఆ గుంటని ఆ మనిషి నాలుగు దెబ్బల్లో ముగించాడు. గద్దకి అక్కడ తొమ్మిదికి తక్కువ ఎప్పుడూ పడలేదు.

గద్ద అతని అసలు పేరు కాదు. పన్నెండేళ్లుగా టవర్ క్రేన్ నడుపుతున్నాడు. పెద్ద పెద్ద భవనాలు లేచే చోట, అరవై మీటర్ల ఎత్తున, అగ్గిపెట్టెంత గదిలో కూర్చుని కిందివాళ్లందరి నడినెత్తులూ చూస్తుంటాడు కాబట్టి తోటివాళ్లు పెట్టిన పేరు. అంత ఎత్తున పన్నెండేళ్లు గీత కూడా పడని మనిషి, ఎనిమిది నెలల కిందట ఇంట్లో బాత్రూంలో సబ్బు మీద కాలేసి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎలా జరిగిందని అడిగిన ప్రతివాడికీ మెట్ల మీద పడ్డానని చెప్పాడు. మెట్లయితే కాస్త గౌరవంగా ఉంటుందని.

ఎముక అతుక్కుంది. బలం కూడా వచ్చింది. రానిది ఒకటే, సమయం. క్రేన్ చేతిని అటూ ఇటూ తిప్పే లివర్ ఎడమ చేతి కింద ఉంటుంది. అది ఒక్క క్షణం అటూ ఇటూ అయితే, కింద వేలాడే రెండు టన్నుల బరువు ఎక్కడికి ఊగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే కంపెనీ వాళ్లు సోమవారం పరీక్ష పెట్టారు. నీళ్లు నింపిన పీపాని ఎత్తి, క్రేన్ చేతిని పావువంతు తిప్పి, నేల మీద గీసిన సున్నాలో దించాలి. మూడుసార్లు. రెండుసార్లు సున్నాలో పడితే మళ్లీ పైకెక్కొచ్చు. లేదంటే ఇక ఎప్పటికీ నేల మీదే.

ఆట సంగతి అలా మొదలైంది. వ్యాయామం చేయించే డాక్టరు, చేతికి సమయం నేర్పే పని ఏదైనా రోజూ చెయ్యమంది. బావమరిదికి కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. ఎవరో వదిలేసిన కంప్యూటర్ ఒకటి, దానికి తెరగా ఎవరో పారేసిన టీవీ ఒకటి తెచ్చి బిగించాడు. ఆన్ చేసి స్నానం చేసొస్తే సరిగ్గా తెరుచుకుని ఉండేది. ఆటేమో ఏదో షాపులో ఎవరూ కొనక బుట్టలో పడేసిన డిస్కు. చొక్కాకి వేసే గుండీల పాటి ఖరీదు కూడా లేదు దానికి. కర్రుంది, బంతుంది, గుంటుంది, ఇక కావాల్సింది తీరికే, అది నీ దగ్గర బోలెడుంది కదా బావా అన్నాడు.

ఖరీదుకి తగ్గట్టే ఉంది ఆట. చెట్లు కాలీఫ్లవర్ పువ్వుల్లా ఉన్నాయి. చెరువు నీలం దుప్పటి పరిచినట్టుంది. బంతి గుంటలో పడినా, చెరువులో మునిగినా ఒకే గొంతు ఒకేలా ‘నైస్ షాట్’ అంటుంది. కానీ దెబ్బ కొట్టే పద్ధతి మాత్రం గద్దకి కావాల్సిందే. బటన్ ఒకసారి నొక్కితే కర్ర లేస్తుంది, పక్కన పట్టీలో గీత పైకి పాకుతుంది. రెండోసారి నొక్కిన చోట బలం ఖాయం. గీత వెనక్కి వస్తూ గుర్తు మీదికి చేరగానే మూడోసారి నొక్కాలి. సరిగ్గా నొక్కితే బంతి తిన్నగా పోతుంది. ముందు నొక్కితే కుడికి, ఆలస్యమైతే ఎడమకి.

నెల రోజుల్లో ఎడమ చేత్తో వందల దెబ్బలు కొట్టాడు. అన్నీ ఎడమకే పోయాయి.

అంటే చెయ్యి ఆలస్యం. ఇంత చవక ఆటకి తెలిసిపోయినది అంత ఖరీదైన క్రేన్‌కి తెలియదా? మూడు రోజుల కిందట అతను ఒక కాగితం తీసుకుని, పరీక్ష వద్దు, గేటు దగ్గర వచ్చేపోయే లారీలు చూసుకునే పని ఇప్పించండని నాలుగు లైన్లు రాశాడు. మడిచి, డ్యూటీ చొక్కా జేబులో పెట్టాడు. సోమవారం మేనేజరు చేతికివ్వాలి. ఇంట్లో చెప్పలేదు.

ఇప్పుడు ఆ మూడు ‘ఏ’ అక్షరాలని చూస్తుంటే అతనికి ఒళ్లు మండింది. ఈ ఇంటి తాళం చెవి ఉన్న మూడో మనిషి బావమరిదే. అన్నం వేళకి సరిగ్గా ఊడిపడుతుంటాడు. వెంటనే ఫోన్ చేసి, నా ఆటలో వేలు పెట్టింది నువ్వేనా అని నిలదీశాడు. తనకి కంప్యూటర్లు విప్పడమే తప్ప ఆడటం రాదని, అయినా గద్ద రికార్డు కొట్టడానికి మనిషే అక్కర్లేదు, కోడిపిల్ల బటన్ మీద నడిచినా చాలని బావమరిది బదులిచ్చాడు. గద్ద ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు చూశాడు. కీబోర్డు మీద పొడుగ్గా ఉండే బటన్. దాని మధ్యలో సన్నగా, నీలంగా, పొడి.

వేలితో తీసి వెలుగులో పెట్టి చూశాడు. సుద్ద.

తలుపు సందులోంచి ముందు గదిలోకి చూశాడు. కుట్టుమిషన్ పక్కన నేల మీద బట్ట పరుచుకుని అతని భార్య ఎవరిదో జాకెట్టుకి గుర్తులు పెడుతోంది. నీలం సుద్దతో.

గద్ద మధ్యాహ్నం మూడింటికి, కాసేపు అలా నడిచొస్తానని చెప్పి చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్లాడు. పది నిమిషాలు ఆగి, పెరటి వైపు నుంచి తిరిగొచ్చి, సొంత ఇంటి కిటికీ కింద దొంగలా నక్కాడు. పక్కింటావిడ మేడ మీద బట్టలు ఆరేస్తూ చూసింది. ఏదో వెతుకుతున్నట్టు నేల మీద గడ్డి పీకాడు.

లోపల కర్ర లేచిన చప్పుడు. మెల్లగా తల ఎత్తాడు.

ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. తెర మీద ఏడో గుంట, నీలం చెరువు. ఆమె చూపు మాత్రం తెర మీద లేదు. కళ్లు మూసుకుని ఉంది. కుడి పాదం నేల మీద, మిషన్ తొక్కుతున్నట్టే, ఒక తాళంలో ఆడుతోంది. వేలు మూడుసార్లు కదిలింది. బంతి చెరువు మీదుగా తాడు కట్టి లాగినట్టు తిన్నగా వెళ్లి అవతలి గడ్డి మీద వాలింది.

‘నైస్ షాట్’ అంది గొంతు. మొదటిసారి ఆ మాట సరైన చోట పడింది.

గద్ద లోపలికొచ్చాడు. ఆమె ఉలిక్కిపడలేదు. మోకాళ్లకి మట్టేంటని అడిగింది.

“ఎన్నాళ్ల నుంచి?” అన్నాడు గద్ద.

“మీ జేబులో ఉత్తరం దొరికినప్పటి నుంచి.”

గద్ద మంచం అంచున కూర్చున్నాడు. చొక్కా గుండీ ఊడితే కుడదామని తీసిందట. కాగితం గరగరలాడిందట. చదివి, అక్కడే పెట్టేసింది. అడిగితే మొహం మాడ్చుకుంటాడని, తన మొగుణ్ణి అంతగా భయపెడుతున్నదేమిటో తనే చూద్దామని ఆట ముందు కూర్చుంది. మొదటిరోజు ముప్పై దెబ్బలు కొట్టింది. ముప్పైకి ముప్పై ఎడమకే పోయాయి.

“నా చెయ్యేమీ విరగలేదు కదండీ. సూదిని సరిగ్గా మూల మీద ఆపుతాను నేను, దారం పోగు తేడా రాకుండా. మరి నా బంతెందుకు ఎడమకి పోవాలి?”



ఆమె బటన్ మీద వేలు పెట్టి, జాగ్రత్తగా చూడమంది. నొక్కింది. టక్ మని వినిపించింది. ఆ తర్వాత, కన్ను రెప్ప వేసేంత తర్వాత, కర్ర లేచింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే. నెల రోజులుగా అతను తెరనే మింగేసేలా చూశాడు. వేలికీ తెరకీ మధ్య ఉన్న ఆ ఎడం ఒక్కసారి కూడా కనపడలేదు.

“ఆలస్యం మీ చేతిది కాదు. ఈ డబ్బాది. గీత గుర్తు మీదికొచ్చిందని మీకు కనపడేసరికే అది దాటిపోయి ఉంటుంది. కళ్లని నమ్మకండి, లెక్కని నమ్మండి.”

గద్ద బావమరిదికి మళ్లీ ఫోన్ చేశాడు. అవతలినుంచి తీరిగ్గా వచ్చింది జవాబు. అది టీవీ కదా బావా, బొమ్మని నునుపు చేసి గానీ చూపించదు, సినిమాలకి పర్లేదు గానీ ఆటలకి కాస్త వెనకబడుతుంది, ఆ సంగతి నీకు చెప్పలేదా? చెప్పలేదన్నాడు గద్ద. అయ్యో అన్నాడు బావమరిది. ఆ తర్వాత గద్ద అన్న మాటలు రాయడానికి వీల్లేదు.

అయినా కుర్చీలో కూర్చుంటే మళ్లీ పాత కథే. కళ్లు గీత వెంటే పరిగెత్తాయి, బంతి చెరువులో మునిగింది. రెండుసార్లు. ఆమె లేచి వెళ్లి, కుట్టాల్సిన లంగా లైనింగు బట్ట తెచ్చి టీవీ మీద కప్పేసింది.

“ఇప్పుడు కొట్టండి.”

ఎదురుగా తెల్లబట్ట తప్ప ఏమీ లేదు. ఆమె పాదం నేల మీద తాళం వేసింది. గద్ద కాసేపు విన్నాడు. పన్నెండేళ్ల కిందట తనకి క్రేన్ నేర్పిన ముసలి మేస్త్రీ గుర్తొచ్చాడు. హుక్కు ముందు పోతుంది, బరువు వెనకాల వస్తుంది, నువ్వు బరువుని చూశావా అప్పుడే ఆలస్యమైపోయావు, దించే చోటు చూడు, నోట్లో లెక్కపెట్టుకో అని రోజూ సతాయించేవాడు. అన్నేళ్లూ గద్ద లెక్క మీదే నడిపాడు. చెయ్యి విరిగాక, భయంతో, చూడటం మొదలుపెట్టాడు.

ఒకటి. రెండు. మూడు.

ఆమె బట్ట ఎత్తింది. బంతి చెరువు అవతల, గడ్డి మీద, గుంటకి బారెడు దూరంలో ఉంది.

సోమవారం పొద్దున డ్యూటీ చొక్కా తొడుక్కుంటూ గద్ద అలవాటుగా జేబు తడిమాడు. కాగితం లోపలే ఉంది. వేలు మాత్రం లోపలికి పోలేదు. జేబు నోరు దగ్గర దగ్గరగా గట్టి కుట్లతో మూసేసి ఉంది. వంటగదిలోంచి ఆమె, ఇవ్వాలనుకుంటే కుట్లు విప్పుకుని ఇవ్వండి, బ్లేడు నా దగ్గరుంది అంది. వెనక్కి కూడా తిరగలేదు.

పది గంటలకి పైకెక్కాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ సీటు. కింద భద్రతా అధికారి చేతిలో వాకీటాకీ, నేల మీద తెల్లటి సున్నా, దాని పక్కన తల పైకెత్తి చూస్తున్న పది మంది. వాళ్లలో కనీసం ఇద్దరు పందెం కాశారని గద్దకి తెలుసు. ఎటువైపు కాశారో మాత్రం తెలియదు.

మొదటి పీపా లేచింది. లివర్ తిప్పాడు. చేసిందల్లా ఒకటే పొరపాటు, పీపా వంక చూశాడు. అది ఊగింది, దాన్ని పట్టుకోబోయాడు, ఇంకా ఊగింది. సున్నాకి జానెడు బయట దిగింది.

 

గద్ద చెయ్యి దానంతటదే జేబు మీదికి వెళ్లింది. కుట్లు తగిలాయి. ఒక్కొక్క కుట్టూ ఒకే పొడుగు, ఒకే ఎడం. కళ్లతో కొలిచి వేసినవి కావు అవి. వాటి మీద వేలు ఒకసారి ఇటు నుంచి అటు నడిపించి, చెయ్యి తిరిగి లివర్ మీద పెట్టాడు.

రెండోసారి పీపాని చూడలేదు. సున్నాని చూశాడు. పాదం ఇనుప నేల మీద మెల్లగా తాళం వేసింది. లెక్క మీద తిప్పాడు, లెక్క మీద ఆపాడు, వెనకాల వస్తున్న బరువు మీదికి హుక్కుని లెక్క మీదే జరిపాడు. ఊపు చచ్చిపోయింది. పీపా సున్నా మధ్యలో దిగింది.

మూడోదానికి గాలి లేచింది. క్రేన్ చివర జెండా ఫటఫటలాడింది. అధికారి కింద గడియారం చూసుకుంటున్నాడు. గద్ద తొందరపడలేదు. జెండా వాలేదాకా ఆగి, అప్పుడు ఎత్తాడు. మణికట్టు నొప్పెట్టింది, కానీ ఆలస్యం చెయ్యలేదు. పీపా దిగాక దానికీ సున్నా అంచుకీ మధ్య రెండు వేళ్ల వెడల్పు మిగిలింది. బొటాబొటిగా, అయినా లోపలే.

కాసేపటికి వాకీటాకీ గరగరలాడింది.

“నెల రోజులు పక్కన ఇంకో ఆపరేటర్ ఉంటాడు. రేపు ఏడింటికి వచ్చెయ్, గద్దా. ఈసారి మెట్లు చూసుకుని దిగు.”

కింద ఎవరో, మెట్లు కాదు సార్, సబ్బు అనడం కూడా అందులోనే వినపడింది. ఈ సంగతి బావమరిది తప్ప ఇంకెవరు చెప్పి ఉంటారు? గద్ద పైనుంచి దిగుతూ దిగుతూ నవ్వాడు.

ఇంటికెళ్లేసరికి ఆమె మిషన్ దగ్గరుంది. అతను వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె మొహం చూడలేదు, ముందు జేబు చూసింది. కుట్లు కదలలేదు. బ్లేడు తీసి, ఒక్కొక్కటే తెంపి, కాగితం బయటికి తీసింది. ఒకవైపే రాసి ఉంది. తిప్పి, ఖాళీగా ఉన్న వైపు నీలం సుద్దతో కాలర్ గీసుకుని, కత్తెరతో చకచకా కోసేసింది. ఇవాళ ఎవరికో చొక్కా ఇవ్వాలట, నమూనాకి కాగితం దొరక్క చూస్తోందట.

లోపలి గదిలో కంప్యూటర్ అప్పటికే ఆన్ చేసి ఉంది. టీవీ మీద లైనింగు బట్ట కప్పి ఉంది.

గద్ద కుర్చీ లాక్కున్నాడు. ఆ ‘ఏ’ల రికార్డు నాలుగు. మూడు కొట్టాలని అతని ఆలోచన.

“పొద్దున్నే మూడు కొట్టేశాను,” అంది ఆమె ముందు గదిలోంచి, కత్తెర ఆపకుండానే.