వేటకుక్కలు విన్న సింఫొనీ

లెడెన్‌బర్గ్ దొరగారి కోటలో అపొలేనా వంట పెత్తనం చేపట్టిన నాటినుంచి ఒక్కసారి కూడా ఏదీ అడుగంటలేదు. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా ఆమే చెప్పేది. ఏ పనిపిల్లయినా పాలు పొంగించిందంటే చాలు, "కళ్లు పొయ్యి మీద పెట్టవే, గుర్రాలవాడి మీద కాదు" అని తగులుకునేది. నోరు అంత మంచిది కాదు గాని చెయ్యి మంచిది. అందుకని దొర మొదలు అందరూ ఆ నోటిని భరించేవారు.

అలాంటి మనిషికి ఆ ఏడు వేటగాళ్లు చేసుకునే హుబర్ట్ పండగనాడు పొద్దుటినుంచీ కాలూ చెయ్యీ ఆడటం లేదు. కారణం కొడుకు ప్రోకోప్.

ప్రోకోప్ కోటలో నౌకరు. పగలు దొర విగ్గుకి పౌడరు కొడతాడు, బూట్లు విప్పుతాడు. సాయంత్రం అదే నౌకరు కోటుతో వయొలిన్ వాయిస్తాడు. ఆ కోటలో వాద్యగాళ్లంతా అంతే. మంగలి పిల్లనగ్రోవి ఊదుతాడు, అడవి కాపలాదారులు కొమ్ముబూరలు ఊదుతారు. ముసలి సంగీతం పంతులు ఎండాకాలం నుంచి కాళ్లవాపుతో మంచం మీదే ఉన్నాడు. దొర ఒకరోజు బూటు విప్పించుకుంటూ ప్రోకోప్‌తో అన్నాడు:

"నువ్వేదో రాస్తుంటావటగా! పండక్కి మా బావమరిది జనరల్ వస్తున్నాడు. ఆయనకి పటాలంలో మనుషులు చాలట్లేదు, మన దగ్గర్నుంచి ఒకణ్ణి ఇస్తానని మాటిచ్చాను. నువ్వో సింఫొనీ రాయి. నాకు నచ్చిందా, ఇక్కడే ఉంటావు. నచ్చలేదా, ఆయన వెంట పోతావు."

కుర్రాడి తండ్రి కూడా అలా పటాలానికి పోయినవాడే. ప్రష్యావాళ్ల మీదికి పోయాడు, మళ్లీ రాలేదు. అందుకని ఆ మాట విన్నప్పుడు అపొలేనా కొడుకుని ఓదార్చలేదు, తిట్టింది.

"ఒరే, ఏడుపుగొట్టు పాట రాశావంటే చంపుతా! దొరకి వేటంటే ప్రాణం. ఆయనకి నచ్చేది రాయి."

"రాశానమ్మా. ఆఖరి భాగం కొమ్ముబూరలతోనే మొదలవుతుంది. వేటయ్యాక సాయంత్రం ముంగిట్లో ఊదుతారే, ఆ కూత. అది వినపడితే చాలు, దొర మొహం వెలిగిపోతుంది."

"ఏ కూతో ఏమో నాకేం తెలుసు. నేను విన్నది పొయ్యి కూతే" అంది అపొలేనా. మాంసం తిప్పే హడావిడిలో ఆ మాట మీద మనసు పెట్టలేదు.

పాపం, కుర్రాడికి తెలియని సంగతొకటి ఉంది. ఆ కూత వినిపించే వేళకి అతను ఎప్పుడూ పై అంతస్తులో దొర బూట్లు లాగుతూ ఉండేవాడు. కింద ఏం జరుగుతుందో ఏనాడూ చూడలేదు. వాద్యగాళ్లయినా ఎవరో ఒకరు చెప్పేవారేమో, కాని అది ఊదే కొమ్ములవాళ్లిద్దరూ వారమంతా దొర వెంట అడవిలోనే ఉన్నారు. అభ్యాసమంతా వాళ్లు లేకుండానే సాగింది. కాగితం వాళ్ల చేతికి కచేరీలోనే ఇవ్వడం అక్కడ మామూలే.

పండగ సాయంత్రం అపొలేనా అన్నయ్య వావ్రా వంటింట్లోకి వచ్చాడు. కొమ్ముబూర ఊదేవాళ్లలో పెద్దవాడు అతనే.

"చెల్లాయ్, ఓ గరిటెడు సూపు పొయ్యవే. చలికి పెదాలు కొయ్యబారాయి."

"సారా కొట్టలేదు కదా?"

"మేనల్లుడి తలరాత నా మూతి మీదుంటే సారా కొడతానా?"

"కొడతావు. నాకు తెలీదూ నీ సంగతి!" అంటూనే గిన్నె నిండా పోసింది. "ఏం ఊదాలో చూసుకున్నావా?"

"కాగితం ఇస్తారుగా, చూసి ఊదేస్తా. ఎన్ని ఊదలేదు! నువ్వు నీ పంది సంగతి చూసుకో."

పంది సంగతి బాగానే ఉంది. అడవిపంది తొడ ఎర్రగా కాలి, పళ్లెంలో సిద్ధంగా కూర్చుంది. దాని మీదికి అడవిగులాబీ పళ్ల పులుసు పొయ్యి మీద ఉడుకుతోంది. అది మహా టక్కరి పులుసు. కలుపుతూనే ఉండాలి, చెయ్యి తీస్తే అడుగంటుతుంది.

బయట ముంగిట్లో వేటకుక్కల మంద పడుకుని ఉంది. హుబర్ట్ పండగనాడు ఫాదరీ వచ్చి వాటిని దీవిస్తాడు. ఆ రోజంతా వాటికి తిండి పెట్టరు. దొరల విందు అయ్యాకనే వాటి విందు.

పైన హాల్లో సింఫొనీ మొదలైంది. మొదటి భాగం గబగబా నడిచింది. చప్పట్లు గట్టిగానే వినిపించాయి. 'బతికాం, ఒక గండం గడిచింది' అనుకుంది అపొలేనా. రెండో భాగం మెల్లగా ఎత్తుకున్నారు. కొమ్ముబూరలు ఊరుకున్నాయి. వయొలిన్లు, రెండు పిల్లనగ్రోవులు, అంతే. సరిగ్గా వినిపించడం లేదని ఆమె గరిటె చేతిలో పట్టుకునే నౌకర్ల మెట్ల దాకా వెళ్లింది. అక్కడే నిలబడిపోయింది.

ఆమెకు సంగీతం తెలియదు. మంచి చెడ్డలు చెప్పమంటే చెప్పలేదు. కాని కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుణ్ణి తీసుకుపోయిన రోజున బండి వెనకాల నడిచిన దారి గుర్తొచ్చింది. ఆ రోజు వీడు చంకలో ఉన్నాడు, వీడికేం తెలుసు? తెలిసినట్టే ఉందే! పిండిబస్తాల మధ్య ఆడుకుని పెరిగిన ఈ వెధవ ఇది ఎక్కడ నేర్చాడు? కొంగుతో మొహం తుడుచుకుంది.

అప్పుడు ఆఖరి భాగం మొదలైంది. రెండు కొమ్ముబూరలు గొంతెత్తి వేట కూత పెట్టాయి.

అపొలేనా పైప్రాణాలు పైనే పోయాయి.

ఆ కూత ఆమెకి తెలియకపోవడమేమిటి! అది కుక్కల భోజనాల కూత. రోజూ వావ్రా ముంగిట్లో నిలబడి అది ఊదితే, ఆమె పేగుల బాన బయటికి పంపుతుంది. కళ్లు తెరవని పిల్లకుక్క కూడా దానికి లేస్తుంది. ఇవాళ పొద్దుటినుంచి పస్తున్న మంద ముంగిట్లో ఉంది. కొవ్వొత్తుల వేడికి హాలు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. హాలుకి దారి ఈ మెట్లే.

"కొంప మునిగిందిరా దేవుడా!"

మంద ఒక్క గొంతుతో ఎత్తుకుంది. మొరుగు కాదు, పొడుగాటి ఊళ. కొమ్ములు రెండోసారి కూశాయి, కుక్కలు రెండోసారి బదులు పలికాయి. ఆపేస్తే సింఫొనీ పోతుంది, అందుకని పాపం వావ్రా ఊదుతూనే ఉన్నాడు. కుక్కలు వంటింటి గుమ్మం దాటి మెట్లకేసి వస్తున్నాయి. అవి దొరసానుల గౌన్ల మీద పడితే కొడుకు రేపు పటాలంలో ఉంటాడు. అపొలేనా వెనక్కి పరుగెత్తింది. వంటిల్లంతా పొగ. చూసే తీరిక లేదు. పళ్లెం ఎత్తి, అడవిపంది తొడని గుమ్మం బయటికి విసిరికొట్టింది. కుక్కలన్నీ అటు తిరిగాయి. ఆమె తలుపు మూసి, గడియ పెట్టి, దానికి వీపానించి నేల మీద కూలబడింది.

పైన సంగీతం ఉరుకులు పరుగుల మీద చివరికి చేరింది. తర్వాత హాలు దద్దరిల్లేలా చప్పట్లు.

కాసేపటికి దొర తానే కిందికి దిగి వచ్చాడు. వెనక జనరల్, ఆ వెనక సున్నం కొట్టిన మొహంతో ప్రోకోప్.

"ఆ కుక్కల్ని సరిగ్గా తాళానికి పలికించింది ఎవరు?"

ప్రోకోప్ నోరు తెరిచాడు. వాడు నిజం చెప్పే రకం. తల్లికి ఆ సంగతి తెలుసు, అందుకే తనే ముందు అందుకుంది.

"మావాడేనండి దొరగారూ. కూత రాసిందీ వాడే."

"చూశావా బావా! వియన్నాలో ఉన్నారా ఇలాంటివాళ్లు? ఒక్క కుక్కయినా తప్పు పాడిందా?"

జనరల్ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. "ఈ కుర్రాడు నాకొద్దు బాబూ! రేపు నా గుర్రాల చేత కూడా పాడిస్తాడు. నాకు ఇంకెవణ్ణయినా ఇవ్వు."

"ఎవణ్ణీ ఇవ్వను. పండగపూట ఆ మాటెందుకు, బదులుగా నా లాయంలో గోధుమరంగు మగగుర్రాన్ని తీసుకుపో" అని దొర ఖాళీ పళ్లెం కేసి చూశాడు. "అపొలేనా, మాంసం ఏదీ?"

"పాడినవాళ్లు తినేశారండి."

దొర పెద్దగా నవ్వేశాడు. పుట్టగొడుగులతో వండిన బార్లీ కూడు ఉందంటే అదే పెట్టమన్నాడు. ఆ ఏడాది హుబర్ట్ విందులో జనరల్ కూడా బార్లీ కూడే తిన్నాడు.

అందరూ పోయాక అపొలేనా స్టూలు మీద కూర్చుని "బతుకుజీవుడా" అని గట్టిగా ఊపిరి వదిలింది. గుండెల మీది కొండ దిగినట్టుంది. కొడుకు ఇంట్లోనే ఉంటాడు. వాడు మాత్రం మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఏమిట్రా, పెళ్లి తప్పిపోయినట్టు ఆ మొహం?"

"ఆయన మెచ్చుకుంది నన్ను కాదమ్మా, కుక్కల్ని. ఆ మెల్లని భాగం మీదే ఎక్కువ రోజులు పట్టింది నాకు. దాని గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు."

అపొలేనా లేచి వెళ్లి, పొయ్యి పక్కనున్న పులుసుగిన్నె తెచ్చి వాడి ముందు పెట్టింది. అడుగున నల్లగా, బొగ్గులా, వేలెడు మందాన మాడి ఉంది.

ప్రోకోప్ దాన్ని చూశాడు. తల్లిని చూశాడు.

"ఇదెవరు మాడ్చారు?"

"నేనే."

"నువ్వా?"

"మెట్ల దగ్గర నిలబడిపోయాన్రా. కొమ్ములు కూసేదాకా పొయ్యి మాటే గుర్తు రాలేదు." కొంగుతో మళ్లీ కళ్లు ఒత్తుకుంది. "ఈ మాట పనిపిల్లలతో అన్నావో, వీపు చీరేస్తా."

ప్రోకోప్ ముక్కు గిన్నె దగ్గర పెట్టి వాసన చూశాడు. నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాడు. కోటు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచి, బూడిద తీసుకుని గిన్నె తోమడం మొదలుపెట్టాడు.