గెల కోసిందెవరు?

"ఆ గొడ్డలి తీసి అవతల పారెయ్యండి!" అంది ఇరెనీసి.

జుల్మీరా గొడ్డలి వెళ్ళి గడ్డిలో పడింది. మామూలుగా అయితే ఈపాటికి ఆడవాళ్ళంతా గుండ్రంగా నేలమీద కూర్చుని, తలో గొడ్డలి పిడిమీద కాలు వేసుకుని, పైకి తిప్పిన అంచుమీద, తాటిజాతి చెట్టుకి కాసే గట్టి బబసూ కాయ నిలబెట్టి కర్రతో కొడుతూ ఉండాలి. ఇవాళ ఎవరూ కర్ర ఎత్తలేదు. వాళ్ళ వెనక వాగు పొడుగునా బబసూ చెట్లు చచ్చిపోతున్నాయి. ముందు మొవ్వు పసుపు పచ్చబడుతుంది, తర్వాత వంకర తిరుగుతుంది, ఆ తర్వాత ఆకులన్నీ వేలాడిపోతాయి. వానలు ఆగినప్పటి నుంచీ ఇదే వరస.

"నేను కొయ్యలేదు. మా అమ్మ మీద ఒట్టు," అంది జుల్మీరా.

"రాలిన కాయ తప్ప ముట్టకూడదని నీకు కొత్తగా చెప్పాలా? పచ్చి గెల కోస్తేనే చెట్టు ఎండేది. మొగుడు పోయాడు, అడిగేవాడు లేడు. గెలకి గెల దింపేసి, కాయలు కాల్చే బొగ్గులవాళ్ళకి అమ్ముకుని ఉంటావు."

"చెట్టెక్కే మోకాళ్ళా ఇవి? చూడవే, చూడు!" జుల్మీరా లంగా పైకి లాగి వాచిన మోకాళ్ళు చూపించింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇరెనీసి నవ్వలేదు. ఈ తోపులో ఆడవాళ్ళందరికీ పెద్ద ఆమే.

"మధ్యాహ్నం కాయలు పంచుకునేటప్పుడు తేల్చేద్దాం. వేరే సంగతి తెలిసినవాళ్ళుంటే ఆలోగా చెప్పండి. లేదంటే జుల్మీరా ఇక ఈ తోపులో కాయ ఏరకూడదు."

కాయ ఏరకపోతే జుల్మీరా పొయ్యి వెలగదు. పెళ్ళై ఈ ఊరొచ్చిన కొత్తలో నజిల్దా కాయ బదులు వేలు కొట్టుకుంటూ ఉంటే, పక్కన కూర్చోబెట్టుకుని లోపలి పప్పు చిట్లకుండా తీయడం నేర్పింది ఆవిడే. గుంపులో కూర్చున్న నజిల్దా ఆ మాటైనా లేచి చెబుదామనుకుంది. కానీ తెలిసిందేమీ లేకుండా ఏం చెబుతుంది?

ఇంటి గుమ్మంలోనే అత్తగారు ఫిలొమేనా అందుకుంది.

"వచ్చావా తల్లీ? వెళ్ళి నీ ఉల్లికాడల్ని చూసుకో. దోనె దోనంతా తగలబడింది. నీ చేతిలో పచ్చదనం నిలవదని నేనంటే కోపమొస్తుంది నీకు!"

పెరట్లో నాలుగు గుంజల మీద ఎత్తి పెట్టిన పాత దోనె. దాన్నిండా మట్టి, మట్టిలో ఉల్లికాడలు, కొత్తిమీర. వాగు నుంచి నీళ్ళు మోసుకురావాలి కనక, బట్టలు జాడించిన ఆఖరి నీళ్ళు ఆ మడిలో పోస్తుంది నజిల్దా. ఊళ్ళో ఆడవాళ్ళంతా అలాగే చేస్తారు.

నీ చేయి. ఈ ఇంట్లో ఆ చేతికి పడ్డ మాటలు ఇన్నీ అన్నీనా! తెల్లారకముందే లేచి పప్పు వేయించి, రోట్లో దంచి, నీళ్ళు పోసి మరిగించి, పైకి తేలిన నూనె గరిటెతో తీసి, మధ్యాహ్నానికి ఒక్క కుండ చేస్తే, "మసి కంపు. కొట్లో సీసా కొంటే నిమిషం పని కదే," అంటాడు మొగుడు ఎవాల్దో. సీసా అంటే సోయా నూనె. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఏ పొయ్యి మీద చేప వేగినా బబసూ నూనెలోనే. ముందు పండగలకి సోయా సీసా వచ్చింది, తర్వాత బడి వంటగదిలోకి వచ్చింది, ఇప్పుడు అత్తగారు కూడా పొయ్యి వెనక ఒకటి దాచుకుంది. దేశంలో నూనెగింజల పంట ఏటేటా పెరుగుతోందని, మనిషికి అందే నూనె మునుపటికంటే ఎక్కువైందని రేడియో చెబుతోంది. "అందులో నా కుండ ఉందా?" అని ఒకసారి అడిగింది. ఎవాల్దో పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీ కుండ కొలవడానికి దేశం మనిషిని పంపిస్తుందా, పిచ్చిదానా?" అతను దొర పొలానికి వెళితే అది పని. ఆమె చేసేది ఊరికే కూర్చుని కాయలు కొట్టుకోవడం. అతని చొక్కాలు ఉతకడానికైతే అసలు పేరే లేదు.

చొక్కా.

నజిల్దా దోనె మీదికి వంగింది. కాడల నడిమి మొవ్వు పసుపు పచ్చగా, వంకర తిరిగి ఉంది. వాగు దగ్గర చెట్లకూ అచ్చం ఇదే రోగం. మొన్న ఈ మడిలో పోసింది ఎవాల్దో పని చొక్కా జాడించిన నీళ్ళు. ఆ చొక్కా ఉతుకుతుంటే చేదు వాసన ముక్కులోకి ఎక్కింది, వేళ్ళు బొబ్బలెక్కాయి. "కంచెకి రంగేశాం," అన్నాడు అతను. పొలం చుట్టూ ఉన్నది ముళ్ళతీగ కంచె. ముళ్ళతీగకి రంగెవరు వేస్తారు?

ఆమెకి నవ్వొచ్చింది. తప్పు చేతిది కాదు. ఇన్నేళ్ళుగా ఎవరేమన్నా నిజమేనేమో అని లోపల్లోపల నమ్ముతూ వచ్చింది.

ఎవాల్దో భోజనానికి వచ్చి కూర్చున్నాక అడిగింది.

"చెట్లకేం పెడుతున్నావు?"

చెంచా ఆగింది. "ఎవరు చెప్పారు?"

"నీ చొక్కా."

అతను వీధివైపు చూసి గొంతు తగ్గించాడు. "దొర చెప్పాడు, చేశాను. చెట్టు మొదట్లో చిల్లు పెట్టి, మందు పోసి, మట్టి మెత్తడమే. ఈ చెట్లు పోతే వాగు దాకా సోయా వేస్తాడట. ట్రాక్టరు నాకే ఇస్తానన్నాడు. అంతా నీకోసమేనే. నేలమీద కూర్చుని కొట్టుకునే బాధ తప్పుతుంది."

"నన్నడిగావా?"

"అడిగేదేముంది?"

"జుల్మీరక్కని వెళ్ళగొడుతున్నారు."

"ఒంటరిది. నింద ఆవిడ మీదికి పోతే ఎవరికి నష్టం? నోరు మూసుకుని ఇంకో చేప ముక్క వెయ్యి."

చేప వెయ్యలేదు నజిల్దా. గరిటె గిన్నెలో వదిలేసి చేతులు తుడుచుకుంది. గుమ్మంలో ఫిలొమేనా అడ్డం నిలబడింది. అంతా విన్నట్టుంది, మొహం పాలిపోయింది.

"కోడలా, నోరు జారకే. వాడు వదిలేసి పోతే తిండెట్లా?"

"ఇన్నాళ్ళూ ఆ చేప ఎవరి నూనెలో వేగింది అత్తా?"

ఫిలొమేనా మెల్లగా పక్కకి జరిగింది.

"ఏయ్, ఎక్కడికి?" వెనక నుంచి ఎవాల్దో అరిచాడు. ఆమె తిరిగి చూడలేదు. మండుటెండలోనూ ఊపిరి హాయిగా ఆడుతోంది. ఇంట్లో అంట్లు అలాగే ఉన్నాయి. ఉండనీ.

తోపులో కాయల కుప్ప చుట్టూ అందరూ చేరారు. జుల్మీరా ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని దూరంగా కూర్చుని ఉంది. నజిల్దా ఎవరితోనూ మాట్లాడకుండా వాడిపోయిన చెట్టు దగ్గరికి వెళ్ళి, మొదట్లో ఎండాకులు లాగేసి, మట్టిని గోళ్ళతో గీకింది. పెళ్ళలు రాలాయి. వేలు దూరేంత చిల్లు, లోపల నల్లగా కుళ్ళు, అదే చేదు వాసన.

ఇరెనీసి వంగి చూసింది. పక్క చెట్టు మొదలు తనే గీకింది. అక్కడా చిల్లే.

"ఇది గెల కోసినందుకు కాదు," అందామె. మొహం ఎర్రబడింది. జుల్మీరా వైపు చూడలేకపోయింది. "ఎవడో మందు పెట్టాడు. నీకెలా తెలిసింది నజీ? ఎవడు వాడు?"

అన్ని మొహాలూ ఆమె వైపు తిరిగాయి. నజిల్దా చేతులకి అంటిన మట్టి లంగాకి తుడుచుకుని, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఎవాల్దో. నా మొగుడు."