కళింగం పడవ

పెళ్లికొడుకు బుగ్గ మీద మొటిమల మచ్చలు చెరిపేశాక కూర్మయ్య పళ్ల దగ్గరకు వచ్చాడు. గుట్కా గారను మౌస్‌తో రుద్ది రుద్ది తెల్లగా చేశాడు. పన్నెండు అడుగుల ఫ్లెక్సీ. మధ్యాహ్నంలోగా నరసన్నపేట జంక్షన్‌లో కట్టేయాలి. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీలో, కిటికీ లేని అదే గదిలో కూర్చుని చుట్టుపక్కల మండలాల మొహాలన్నీ కడుగుతున్నాడు. అతని మొహం మాత్రం ఏ ఫ్లెక్సీ మీదకూ ఎక్కలేదు. పెళ్లి కాలేదు, ఎన్నికల్లో నిలబడలేదు, ఇంకా చావలేదు. ఫ్లెక్సీ ఎక్కడానికి మామూలు మనిషికి ఉన్న దారులు ఆ మూడే.

నలభై ఏడేళ్లకే భుజాలు ముందుకు జారిపోయాయి. మౌస్ పట్టి పట్టి కుడిచేతి మణికట్టు కింద కాయ కాసింది. బక్కమనిషి. రెండు బూడిదరంగు చొక్కాలు ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటాడు కాబట్టి, చూసేవాళ్లకు ఒకటే చొక్కా అనిపిస్తుంది. అసలు చూసేవాళ్లుంటే కదా.

"అయిపోనాది బాబూ" అన్నాడు కూర్మయ్య. "ఈపూట నాకు సెలవు కావాల."

షాపు యజమాని మోహనకృష్ణ టీ గ్లాసు కింద పెట్టి వింతగా చూశాడు. కూర్మయ్య కంటే పదేళ్లు చిన్న. "సెలవా? నీకా? ఏటి కూర్మయ్యా, ఏదైనా సంబంధం సూసుకుంటన్నావేటి?"

"మావని సూడాల. బాగోనేదంట."

అది అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు.

పూర్తి నిజం చెబితే మోహనకృష్ణకు అర్థమయ్యేది కాదు. కూర్మయ్య రాజ్యాలు కడతాడు. కంప్యూటర్‌లో ఆడే యుద్ధాల ఆట ఒకటుంది. దానికి యజమాని లేడు, ధర లేదు. నానా దేశాల వాళ్లు ఖాళీ వేళల్లో కూలి లేకుండా దాన్ని తయారు చేస్తుంటారు, ఎవరైనా ఆడుకోవచ్చు. అందులో రోమువాళ్లున్నారు, పర్షియావాళ్లున్నారు, మౌర్యులున్నారు. మౌర్యులతో తలపడిన కళింగం మాత్రం లేదు. ఐదేళ్ల కిందట ఆ ఖాళీ చూసి కూర్మయ్య మనసు చివుక్కుమంది. ఆ రోజు నుంచి షాపు మూశాక, అద్దెగదిలో, కళింగాన్ని ఒక్కో ఇటుకా పేర్చి కడుతున్నాడు.

నిజంగానే ఇటుకలు. శాలిహుండం కొండ ఎక్కి పాత స్తూపాల ఇటుకలను టేపుతో కొలిచి వచ్చాడు. మొదట్లో గుడికి శ్రీముఖలింగం గోపురం పెట్టేశాడు. పోర్చుగల్‌లో చరిత్ర పాఠాలు చెప్పే మేష్టారొకాయన ఈ పనంతటికీ పెద్ద. అది వెయ్యేళ్ల తర్వాతి గుడి కదా అని ఆయన మెల్లగా అడిగాడు. కూర్మయ్య సిగ్గుపడి తీసేశాడు. అక్కడ అతని పేరు కూర్మయ్య కాదు, వంశధార. నది పేరని తెలియక వాళ్లంతా ఏడాది పాటు అతన్ని ఆడమనిషే అనుకున్నారు. అనుకోనీలే అని ఇతనూ ఊరుకున్నాడు. ప్రపంచంలో అతని కోసం ఎదురుచూసేవాళ్లు పదకొండు మంది. ఒక్కరూ అతని గొంతు వినలేదు.

ఏనుగులయ్యాయి, ఇళ్లయ్యాయి, కోట అయింది. మిగిలింది పడవ. సముద్రం మీద వర్తకం చేసిన రాజ్యానికి పడవ లేకపోతే ఎలా? ఆట కొత్త రూపం విడుదల కాబోతోంది, అందులో చేర్చాల్సినవి ఈ సాయంత్రం ఆరింటికల్లా అందాలి, ఆ తర్వాత తలుపులు మూసేస్తారు. పడవ అందకపోతే కళింగం మొత్తం ఆగిపోతుంది. మళ్లీ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరూ చెప్పలేరు.

పడవ వారం కిందటే గీసి పంపాడు. మేకు అన్నది లేకుండా, పలకలను తాళ్లతో కుట్టిన పడవ. చిన్నప్పుడు తన ఒడ్డున చూసిందే. మేష్టారు ఒక్కటే అడిగాడు. "తాళ్లు నీలంగా ఉన్నాయే. అప్పట్లో ఏ చెట్టు రంగు వాడేవారు?"

గదిలో ఒక్కడే ఉన్నా కూర్మయ్య చెవులు వేడెక్కాయి. చిన్నప్పుడు అతను చూసిన తాళ్లన్నీ నీలం నైలాను తాళ్లే. రెండువేల ఏళ్ల నాటి పడవను నైలానుతో కుట్టి కూర్చున్నాడు. రంగు మార్చడానికి నిమిషం పట్టదు. కానీ కళ్లారా చూసిందే తప్పయితే, చూశాననుకుంటున్న మిగతాదంతా ఏమిటి? ఆ అనుమానం వారం రోజులు అన్నం తిననివ్వలేదు. ఆ పడవలు కుట్టిన చేతుల్లో మిగిలింది ఒక్క జతే. అది అసిరయ్య మావది. అతని గుమ్మం తొక్కి పందొమ్మిదేళ్లయింది.

చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. ఆ సామెత కూర్మయ్య దగ్గర ఓడిపోయింది. తండ్రి, తాత, ముత్తాత అందరూ సముద్రం మీద బతికినవాళ్లే. ఇతనికి మాత్రం మూడో కెరటం దాటితే చాలు, కడుపులో పేగులు నోట్లోకి వచ్చేవి. పల్లె పల్లెంతా నవ్వింది. మేనమామ అసిరయ్య కూతురు గున్నమ్మ పుట్టినప్పుడే కూర్మయ్య పెళ్లాం అనుకున్నారు. తీరా పెళ్లీడు వచ్చాక అసిరయ్య పదిమందిలో తేల్చేశాడు. "పడవెక్కితే కక్కీసోడికి పిల్లనెలాగిస్తాను?" ఆ మాట అన్నవాడు ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు, పడ్డవాడు మరవలేదు. ఇప్పుడు ఆ నోటితోనే తన పడవ తేలుతుందని అనిపించుకోవాలి. విడుదల తలుపుల కంటే కూర్మయ్యకు అదే పెద్దది. ఆ సంగతి తనకు తాను ఒప్పుకోవడానికి కూడా వారం పట్టింది.

పోలాకి మీదుగా వెళ్లే ఆటోలో లాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇసకలపాలెం దగ్గర దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఒడ్డున మోటారు బిగించిన ఫైబర్ బోట్లు బారులు తీరి ఉన్నాయి. కుట్టినది ఒక్కటీ లేదు.

గుమ్మంలో చేపలు ఎండబెడుతున్న గున్నమ్మ తలెత్తి చూసింది. జుట్టు సగం నెరిసింది. మొగుడు గుజరాత్ బోట్ల మీద పనికి పోయి ఎనిమిది నెలలకోసారి వస్తాడు. తండ్రిని ఈమే చూసుకుంటోంది.

"బావా? నువ్వేనా?" అంది. తర్వాత, పందొమ్మిదేళ్లు పందొమ్మిది రోజులైనట్టు, "గుమ్మంలోనే నిలబడిపోతావేటి, రా. అయ్య నాలుగు రోజులై మెతుకు ముట్టనేదు. ఆసుపత్రోళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు" అంది.

నులకమంచం మీద అసిరయ్య ఎండు దుంగలా పడి ఉన్నాడు. ఒక కాలు ఉబ్బి నిగనిగలాడుతోంది. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి, తాడు లాగి లాగి ఒంకర తిరిగిన లావుపాటి వేళ్లతో. కళ్లు చికిలించి చూశాడు.

"కూర్మిగాడా? వాంతులింకా అవుతన్నాయేట్రా?"

మరవలేదన్నమాట. కూర్మయ్యకు కోపం రావాల్సింది. ఎందుకో నవ్వొచ్చింది. "సముద్రమెక్కితే కదా మావా" అన్నాడు.

లాప్‌టాప్ తెరిచి ముసలాయన కళ్ల ముందు పెట్టాడు. తెర మీద పడవ మెల్లగా తిరుగుతోంది. అసిరయ్య చూపు పలకల వెంట ఒక్కో కుట్టూ లెక్కపెట్టుకుంటూ పోయింది.

"ఇదేట్రా, పెట్టెలో పడవెట్టినావు?"

"ఆటలోకి మావా. పూర్వం మనోళ్ల పడవ. తేలతాదా?"

"మునిగిపోద్ది."

కూర్మయ్య లాప్‌టాప్‌ను ఇంకాస్త దగ్గరకు జరిపాడు. "ఎందుకని?"

"లోపల ఆ అడ్డకర్రలేటి? అయి ఫైబరు బోటుకి. కుట్టుపడవ లోపల ఏటీ ఉండకూడదు. కెరటం కొడితే ఒంగాల. ఒంగకపోతే ఇరిగిపోద్ది." కాసేపు ఆయాసపడ్డాడు. "కుట్టు కింద గడ్డి ఏదిరా? గడ్డి నేకపోతే కన్నంలోంచి నీరు రాదా?"

"తాడు రంగు..."

"కొబ్బరి పీసు తాడు. ఆ నీలంది నాను పడవలు కుట్టడం మొదలెట్టినాక వొచ్చినాది. సుక్క నీటికి జారిపోద్ది, దరిద్రం."

పల్లెలో పొద్దుటి నుంచి కరెంటు లేదు. ఉన్న బ్యాటరీతోనే కూర్మయ్య పనిలో కూర్చున్నాడు. అడ్డకర్రలు తీసేశాడు. గడ్డి పరిచాడు. కుట్టు ఎలా దాటించాలో ఎంత చెప్పినా అతని తలకెక్కలేదు. అసిరయ్య విసుక్కుని అతని మోచెయ్యి లాక్కున్నాడు. మొరటు గోటితో చర్మం మీద గీశాడు. ఇటు కన్నం, అటు కన్నం, మధ్యన గడ్డి, పైనుంచి ఏటవాలుగా రెండు వరసలు. గీసినచోటల్లా తెల్లటి చార లేచింది. కూర్మయ్య చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తనను ఒక మనిషి ముట్టుకుని ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. ఇంకో రెండుసార్లు అర్థం కానట్టు నటించాడు.

నాలుగున్నరకు చివరి కుట్టు పడింది. తెర మళ్లీ ముసలాయన వైపు తిప్పాడు.

"ఇప్పుడు తేలతాదా మావా?"

అసిరయ్య చెయ్యి కొద్దిగా ఊపాడు. "ఇక్కడొగ్గీ. సూస్తాను."

పల్లెలో ఫోను పలికేది ఒక్క తుఫాను షెల్టరు దగ్గరే. బ్యాటరీ తరుగుతున్నా, అడిగాడు కదా అని లాప్‌టాప్ తెరిచే ముసలాయన పక్కన వదిలి, కూర్మయ్య ఫోను పట్టుకుని ఇసకలో నడిచాడు. ఏడింటి దాకా గడువు ఇమ్మని మేష్టారికి రాశాడు. చాలాసేపటికి జవాబు వచ్చింది. కుదరదట, మిగతావాళ్లంతా కాచుకుని ఉన్నారట. కిందే ఇంకో వాక్యం. "పడవ తయారైందా?" తయారైందో లేదో మావ ఇంకా చెప్పలేదు అని టైపు చేసి, అది వాళ్లకు అర్థం కాదని చెరిపేశాడు.

తిరిగొచ్చేసరికి గున్నమ్మ మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. తండ్రి పాదాలు రెండూ దగ్గరకు చేర్చి పట్టుకుంది.

"ఇప్పుడే బావా" అంది. "గాలి పీల్చినాడు, మరి బయటికొగ్గనేదు."

కూర్మయ్య ఫోను చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయాడు. అడగాల్సిన మాట నోట్లోనే ఉంది. కళ్లు మండాయి. చచ్చిపోయినందుకా, చెప్పకుండా చచ్చిపోయినందుకా అన్నది అతనికే తెలియలేదు.

"నువ్వెల్లాక పసుపు తెమ్మన్నాడు" అంది గున్నమ్మ. "కాలి వాపుకేమోనని తడిపిచ్చినాను. కాలికి రాసుకోనేదు."

అప్పుడు చూశాడు. ముసలాయన పక్కన లాప్‌టాప్ తెరిచే ఉంది. తిరిగే పడవ ఆగి ఉంది. వేలు ఎక్కడ తగిలి ఆగిందో. పడవ ముక్కు మీద, తెర అద్దానికి, బొటనవేలంత పసుపు బొట్టు ఉంది.

ఆ ఒడ్డున పడవ కుట్టేవాడు ఇది తేలుతుందని నోటితో అనడు. కూర్మయ్య ఆ సంగతే మరిచిపోయాడు. అంటే సముద్రం వింటుందని వాళ్ల భయం. చివరి కుట్టు బిగించి, అంతా సరిగ్గా ఉందనుకుంటే, ముక్కున బొటనవేలితో పసుపు పెడతాడు. పెట్టాక వెనక్కి చూడకుండా ఇంటికి పోతాడు. సరిగ్గా లేని పడవకు ఎంత బతిమాలినా పెట్టడు. కూర్మయ్య మంచం పక్కన కూలబడి, పల్లె నవ్వినప్పుడు ఏడవనిదంతా కలిపి ఏడ్చాడు.

గున్నమ్మ ఏడవనిచ్చింది. తర్వాత తెర వైపు, బయట వాలుతున్న ఎండ వైపు చూసింది.

"లే బావా. బొట్టెట్టిన పడవ పొద్దుగూకేదాకా ఒడ్డున ఉండకూడదు. పంపీ."

"మావని ఇలాగొగ్గీసి ఎలాగెల్తాను?"

"అయ్యకి నానున్నాను. ఎల్లు."

లాప్‌టాప్ మూయడానికి మనసొప్పలేదు. తెరిచినదాన్ని తెరిచినట్టే రెండు చేతులతో, నిండు పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకుని నడిచాడు. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు తలలెత్తి చూశారు. షెల్టరు మెట్ల మీద కూర్చున్నాడు. బ్యాటరీ నాలుగు శాతం. ఫోను కలిపాడు. చేసినవారి పేరు అని ఉన్న గడిలో ఎప్పుడూ వంశధార అని రాసేవాడు. ఇవాళ అసిరయ్య అని రాశాడు. కాసేపు ఆగి, పక్కన కూర్మయ్య అని రాశాడు. ఆ పేరు అక్కడెవరికీ తెలియదు.

పడవ మెల్లగా ఆటలోకి ఎక్కింది. ఐదూ యాభై నాలుగుకు చేరిందని తెర చెప్పింది. మేష్టారి దగ్గర్నుంచి సంతోషంగా ఏదో మాట మొదలైంది. అది పూర్తిగా చదివేలోపు పల్లె వైపు నుంచి గున్నమ్మ ఏడుపు వినబడింది. అంతసేపూ ఆపుకున్నది. కూర్మయ్య లాప్‌టాప్‌ను మెట్టు మీదే వదిలేసి పరుగెత్తాడు.

బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది. పడవ కనబడలేదు. నల్లటి అద్దం మీద, వేలిగీతలతో సహా, పసుపు బొట్టు ఉప్పుగాలికి ఆరుతోంది.